చివరి వరుస: మాక్రో విద్యలో నా తొలి పాఠములు



నేటి నా ప్రసంగము స్ప్రెడ్‌షీటునకు మాక్రోలు వ్రాయుట నేర్చుకొనుటను గూర్చినది. పేరు వినినంతనే ఇది పట్టణములలోని పడుచువారి విద్య, పల్లెటూరి పెద్దలకు దీనితో పని యేమి యని మీరనుకొనవచ్చును. నేనును ఒకప్పుడట్లే తలంచితిని. ముప్పది సంవత్సరములకు పైగా గ్రామ పాఠశాలలో లెక్కలు చెప్పి 2012లో విరమించినవాడను. అరువదియారవ యేట ఈ విద్యలో ఓనమాలు దిద్దితిని. ఆ దిద్దుటలో నొక అక్షరము వంకరపోయెను. అందువలన ఒక పేదరాలి గేదె సంతకు పోవలసిన స్థితి వచ్చెను. విద్యను పొగడుచు ఆ తప్పును దాచుట న్యాయము కాదు. కావున రెండును కలిపియే చెప్పెదను.

మా తండ్రిగారు గ్రామ కరణము. 1984లో ప్రభుత్వము ఆ యుద్యోగములను రద్దు చేయువరకు మా యింటి అరుగుమీదనే గ్రామపు లెక్కలన్నియు సాగుచుండెడివి. ఆయన యే పుటను కూడినను రెండు మారులు కూడెడివారు. మొదట పైనుండి క్రిందికి, పిమ్మట క్రిందినుండి పైకి. రెండు మొత్తములును ఒక్కటైనగాని పుట క్రింద గీత గీయరు. "దిగునప్పుడు కన్ను ఏమరిన చోట ఎక్కునప్పుడు ఏమరదురా" అని నాతో చెప్పెడివారు. బాల్యమున నాకది వట్టి చాదస్తముగా తోచెడిది. అందలి విలువ నాకు తెలియుటకు అరువదియేండ్లు పట్టెను.

స్ప్రెడ్‌షీటన నేమో ముందు మనవి చేసెదను. అది కంప్యూటరు తెరమీద గళ్ళు గీసిన పెద్ద కాగితము. అడ్డముగా వరుసలు, నిలువుగా వరుసలు ఉండును. రెండును కలిసిన చోటు గడి. నిలువు వరుసకు అక్షరము, అడ్డు వరుసకు అంకె గుర్తుగా నుండుటచే ప్రతి గడికిని ఇంటి నంబరువలె ఒక చిరునామా యుండును. గడిలో అంకె వేయవచ్చును, లేదా "ఆ గడిని ఈ గడితో హెచ్చవేయుము" అని సూత్రము వేయవచ్చును. ఒక అంకె మార్చినచో దానిపై నాధారపడిన గడులన్నియు తమంత తామే మారును. కొట్టివేతలు లేవు, మరల కూడుటయు లేదు.

ఈ సాధనము పుట్టుటకు కారణమైనది ఒక నల్లబల్ల. అమెరికాలో హార్వర్డు వ్యాపార విద్యాలయమున డాన్ బ్రిక్లిన్ అను విద్యార్థి చదువుచుండెను. ఆచార్యులు బల్లమీద పట్టిక వ్రాసి, ఒక అంకె మారినప్పుడెల్ల తక్కిన అంకెలను తుడిచి మరల వ్రాయుట చూచి, ఈ పని యంత్రమే చేసిన బాగుండునుగదా యనుకొనెను. బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను మిత్రునితో కలిసి 1979లో విసికాల్క్ అను దానిని వెలువరించెను. 1983లో లోటస్ 1-2-3 వచ్చెను. 1985లో మైక్రోసాఫ్టువారి ఎక్సెలు మొదట మాకింటోషు కంప్యూటర్లకు వచ్చి, రెండేండ్లకు విండోసు కంప్యూటర్లకును వచ్చెను. నల్లబల్ల యెదుట సుద్దపొడిలో ముప్పదియేండ్లు గడిపిన నాకు ఈ వృత్తాంతము మిక్కిలి ప్రీతికరము.

ఇక మాక్రో. గళ్ళ కాగితముమీద ప్రతి పక్షమును ఒకే పనిని ఒకే క్రమమున చేయవలసి వచ్చును. ఈ పట్టీని తెరువుము, ఈ సూత్రమును దింపుము, కూడుము, అచ్చు వేయుము అనునట్టి పనులు. ఆ యాజ్ఞలన్నిటిని వరుసగా వ్రాసి, ఒక పేరు పెట్టి, ఒక్క మీట నొక్కినంతనే జరుగునట్లు చేయుటయే మాక్రో. మాక్రో యనునది గ్రీకు భాషలో దీర్ఘమని యర్థమిచ్చు మాటనుండి వచ్చినది. చిన్న పిలుపు, దీర్ఘమైన పని. 1993లో ఎక్సెలునకు విజువల్ బేసిక్ అను ఆజ్ఞాభాష చేర్చబడెను. నేను నేర్చుకొన్నది దానినే. వెల లేకుండ లభించు లిబ్రె ఆఫీసులోను, గూగులువారి షీట్లలోను ఇట్టి సౌకర్యమే వేరువేరు భాషలతో కలదు.

మా గ్రామమున పాల ఉత్పత్తిదారుల సంఘ మొకటి కలదు. ఉద్యోగవిరమణానంతరము దాని లెక్కలు చూచు బాధ్యతను పెద్దలు నాకప్పగించిరి. నాడు సభ్యులు 62 మంది. రోజునకు రెండు పూటలు, పక్షమునకు పదునైదు రోజులు. అనగా పక్షమునకు 1,860 పద్దులు. ప్రతి పద్దునకు లీటర్లు, వెన్న శాతము, దానినిబట్టి ధర. పక్షము ముగియగానే బట్వాడా పట్టీ తయారుచేసి, ఎవరికెంత రావలెనో చీటీలు వ్రాసి ఇయ్యవలెను. రెండు రాత్రులు దీపము ముందు కూర్చుండినను మూడవనాడు ఎవరో యొకరు చీటీ పట్టుకొని "మాస్టారూ, ఇందులో మూడు రూపాయలు తగ్గింది" అని వచ్చుట పరిపాటి. 2019లో సంఘమునకు కంప్యూటరు కొంటిమి. అప్పటినుండి కూడికలు యంత్రమే చేయుచుండెను గాని, సూత్రములు దింపుట, చీటీలు తీయుట నా చేతిపనియే.

2020లో కళాశాలలు మూతవడినప్పుడు డిగ్రీ చదువుచున్న మా మనుమరాలు ఇంటికి వచ్చినది. నా పాట్లు చూచి, "తాతయ్యా, నువ్వు చేసేదంతా ఒకసారి కంప్యూటరుకు చూపించు, తరువాత అదే చేస్తుంది" అని చెప్పినది. ఎక్సెలులో రికార్డు మాక్రో అను సదుపాయ మున్నది. అది మొదలుపెట్టి మన పని మనము చేసికొనిపోయినచో, ప్రక్కన కూర్చున్న వ్రాయసకానివలె మన చేతలన్నిటిని ఆజ్ఞాభాషలో వ్రాసికొనును. ఆపివేసిన పిమ్మట మరల పిలిచినచో ఆ పనులనే అదే వరుసలో చేసి చూపును. నేను రెండవ వరుసనుండి అరువదిమూడవ వరుసవరకు సూత్రమును దింపితిని. మొదటి వరుస శీర్షికలది. కూడికను వేరొక పుటలో వేసితిని. చీటీలు అచ్చు తీసితిని. అంతయు అది వ్రాసికొనెను. మరుసటి పక్షమున మీట నొక్కితిని. రెండు రాత్రుల పని కొన్ని క్షణములలో ముగిసెను. ఆనాటి నా సంతోషము చెప్పనలవి కాదు. ఆ వ్రాతలో నేమున్నదో తెరచి చదువవలెనను బుద్ధి మాత్రము నాకు పుట్టలేదు.

మరుసటి సంవత్సరము ఒక యిల్లాలు సంఘములో చేరెను. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. అప్పు తెచ్చి ఒక గేదెను కొనుక్కొన్నది. పూటకు రెండున్నర లీటర్ల చొప్పున పాలు పోయుచుండెను. ఆమె పేరును పట్టీలో చివర, అరువదినాల్గవ వరుసలో నేనే చేర్చితిని. పక్షము ముగిసెను, మీట నొక్కితిని, చీటీలు వచ్చినవి. రెండవ పక్షమును అట్లే ముగిసెను. శీతల కేంద్రము వారి రసీదుతో పోల్చి చూడగా రెండు మారులును మా పట్టీకంటె 75 లీటర్లు ఎక్కువగా కనబడెను. కొలతలో మిగులు వచ్చినది, సంఘమునకు లాభమే గదా యని తృప్తి పడితిని. పెద్దలారా, ఈ మాట గుర్తుంచుకొనుడు. నష్టము వచ్చినచో లెక్కను పదిమార్లు చూచెడివాడను. లాభము వచ్చినందున ఒక్కమారైనను చూడలేదు.

ఒకనాటి సాయంకాలము ఆమె మా అరుగు ముందుకు వచ్చి నిలిచినది. "మాస్టారూ, నా పేరు కొట్టేయండి. రేపు గేదెను సంతకు తోలుకుపోతున్నాను" అన్నది. కారణ మడిగితిని. రెండు బట్వాడాలు రాలేదనియు, తవుడుకు, గడ్డికి చెవి కమ్మలు తాకట్టు పెట్టినదనియు, ఇక మోయలేననియు చెప్పినది. ఇన్నినాళ్ళు ఏల అడుగలేదమ్మా యంటిని. "కొత్తవాళ్ళకు మొదట ఆపుతారేమో అనుకున్నాను. మిషను లెక్క గదా, తప్పెందుకు పోతుంది అన్నారు అందరూ" అన్నది.

ఆ మాట విని నాకు నోట మాట రాలేదు. పోయి పట్టీ తెరచితిని. అరువదినాల్గవ వరుసలో ఆమె పేరున్నది, నంబరున్నది. ఆ ప్రక్క గడులన్నియు ఖాళీ. యంత్రము అరువదిమూడుతో ఆగినది. దాని తప్పేమియు లేదు. నేను చూపినంతవరకే అది చేసినది. 75 లీటర్ల చొప్పున రెండు పక్షములకు 150 లీటర్లు, సుమారు 7,500 రూపాయలు ఆమెకు రావలసి యుండెను. ఆ రాత్రియే నా చేతి సొమ్ముతో చెల్లించి, తాకట్టు వడ్డీకూడ నేనే భరించితిని. మరునాడు సంఘసభ్యులను సమావేశపరచి జరిగినది దాచక చెప్పితిని. గేదె సంతకు పోలేదు. కాని ఆమె ఒక్క దినము ఆలస్యముగా వచ్చియున్న నేమగునో యని తలంచుకొన్నప్పుడు ఇప్పటికిని మనస్సు కలుక్కుమనును.

నాటినుండి నేను మాక్రోను ఆడించుట మాని, చదువుట మొదలుపెట్టితిని. ఆ చదువులో నేర్చిన పాఠములను క్రమముగా చెప్పెదను.

మొదటి పాఠము. రికార్డు చేయు వ్రాయసకాడు మన చేతులను చూచునుగాని మన మనస్సును చూడడు. సభ్యులందరి పేర్లవరకు అని నా మనస్సులో నున్నది. అరువదిమూడవ వరుసవరకు అని అతడు వ్రాసికొనెను. పొలమునకు నీరు పెట్టు పాలేరుతో "చివరి మడివరకు పెట్టుము" అనుట వేరు, "వేపచెట్టువరకు పెట్టుము" అనుట వేరు. ఆ యేడు రెండును ఒక్కటే. మరుయేడు చెట్టునకు ఆవల ఇంకొక మడి కలిసినచో ఆ మడి యెండిపోవును. పాలేరు చెప్పినట్లే చేసినాడు, చెప్పినవాడే తప్పు చెప్పినాడు. కావున రికార్డు చేసిన దానిని మొదటి చిత్తుగా నుంచుకొని, అందు స్థిరముగా నున్న చిరునామాలను వెదకి, వాని స్థానమున మన ఉద్దేశమును వ్రాయవలెను. రికార్డు చేయుట దిద్దుట వంటిది, వ్రాయుట వేరు.

రెండవ పాఠము చివరి వరుసను కనుగొనుట. నా మొదటి ప్రయత్నమున, పై గడినుండి క్రిందికి దిగుచు నిండిన గడులున్నంతవరకు పొమ్మని వ్రాసితిని. అసలు పట్టీమీద గాక, దాని నకలు మీద ఆడించి చూచితిని. అది నలువదవ వరుసలో ఆగిపోయెను. ఏమనగా నలువదియొకటవ వరుసలోని సభ్యుడు ఊరు విడిచిపోయినందున ఆ పేరు తీసివేసి గడిని ఖాళీగా నుంచితిని. ఖాళీ కనబడగానే అదే చివరి యని యంత్రము భావించెను. ఇరువదిమందికి పైగా బట్వాడా నుండి తప్పిపోయెడివారు. అప్పుడు మా మనుమరాలు అనుభవజ్ఞులు చేయు పద్ధతిని చెప్పినది. పైనుండి దిగరాదు. కాగితపు అట్టడుగునకు పోయి అచ్చటినుండి పైకి ఎక్కవలెను. 2007 నాటి ఎక్సెలునుండి ఒక్కొక్క పుటకు 10,48,576 వరుసలున్నవి. ఆ చిట్టచివరి వరుసలో నిలిచి పైకి చూచినచో మొట్టమొదట తగులు నిండిన గడియే చివరి పేరు. నడుమ నెన్ని ఖాళీలున్నను భయము లేదు. ఆజ్ఞాభాషలో దీనిని ఎండ్ ఎక్స్‌ఎల్అప్ అందురు. ఈ మాట వినగానే అరుగుమీద కూర్చుండి క్రిందినుండి పైకి కూడుచున్న మా తండ్రిగారు నా కన్నులయెదుట నిలిచిరి. ఆయన కంప్యూటరును ముట్టి యెరుగరు. చివరివానిని కనుగొనవలెనన్న క్రిందినుండి రావలెనని మాత్రము ఎరుగుదురు.

మూడవ పాఠము పాత్రలను గూర్చినది. మాక్రోలో అంకెలను దాచుటకు మనము పేరులు పెట్టుకొందుము. ఒక్కొక్క పేరు ఒక్కొక్క పాత్ర. ఏ పాత్రలో నెంత పట్టునో ముందే చెప్పవలెను. ఇంటిజర్ అను పాత్రలో 32,767 వరకే పట్టును. నేను తెలియక పక్షపు మొత్తమునకు దానిని వాడితిని. మా బట్వాడా మొత్తము రెండు లక్షలకు పైబడినది. మానికలో కుంచెడు ధాన్యము పట్టునా? యంత్రము ఓవర్‌ఫ్లో అని చెప్పి ఆగిపోయెను. అంతేకాదు, ఆ పాత్రలో పైసలు నిలువవు. పెద్ద పూర్ణసంఖ్యల లెక్కకు లాంగ్ అను పాత్రయు, సొమ్మునకు కరెన్సీ అను పాత్రయు వాడవలెనని అప్పుడు తెలిసికొంటిని. ఈ తప్పు మంచి తప్పు. అది ఆగి, నేనిచ్చట తప్పినానని చెప్పును.

చెప్పని తప్పులే ప్రమాదకరములు. ధరకు నేను పెట్టుకొన్న పేరులో ఒక చోట ఒక అక్షరము తప్పి వ్రాసితిని. యంత్రము నన్ను తప్పుపట్టలేదు. ఆ తప్పు పేరుతో క్రొత్త పాత్రను తానే కల్పించి, అందేమియు లేదుగనుక సున్నగా నెంచి, సభ్యులందరికిని సున్న రూపాయలు వ్రాసి యిచ్చెను. దీనికి విరుగుడు కలదు. మాక్రో మొదటి పంక్తిలో ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ అని వ్రాసినచో, ముందుగా మనము చెప్పని పేరు దేనిని యంత్రము అంగీకరింపదు. తప్పు వ్రాసినచో అచ్చటనే నిలిపి చూపును. క్రొత్తగా నేర్చుకొనువారు మరేది మరచినను ఈ పంక్తిని మరువరాదు.

నాలుగవ పాఠము ఒక్కొక్క పంక్తిని నడిపించి చూచుట. బాలుడు లెక్క తప్పు చేసినప్పుడు ఫలితము చూచి కోపించిన ప్రయోజన మేమి? మెట్టు మెట్టుగా చేయించి యే మెట్టుకడ తప్పెనో చూడవలెను. మాక్రోలను వ్రాయు కిటికీలో ఎఫ్ 8 అను మీటను నొక్కిన కొలది ఒక్కొక్క పంక్తియే నడచును. ప్రతి పంక్తికడ ఏ పాత్రలో నేమున్నదో చూడవచ్చును. ఉపాధ్యాయునిగా నాకు వెంటనే పట్టుబడినది ఇదొక్కటే.

అయిదవ పాఠము నకలు. మన చేతితో చేసిన మార్పు నచ్చనిచో అన్‌డూ మీట నొక్కి వెనుకకు పోవచ్చును. ఎక్సెలులో మాక్రో చేసిన మార్పునకు సాధారణముగా ఆ దారి లేదు. జరిగినది జరిగినట్లే. కావున మాక్రోను ఎన్నడును ఉన్న ఒక్క పట్టీమీద ప్రయోగింపరాదు. నకలు తీసి దాచి, నకలు మీద ఆడించి, సరియని తోచిన పిమ్మటనే అసలు దానిని ముట్టవలెను.

ఆరవ పాఠము అన్నిటికంటె ముఖ్యము. మాక్రో పని ముగించిన తరువాత వేరొక దారిని వచ్చి సరిచూడవలెను. ఇప్పుడు మా మాక్రో బట్వాడా పట్టీలోని లీటర్లను కూడును. దానితో సంబంధము లేకుండ దినవహిలోని లీటర్లను వేరుగా కూడును. పాలు పోసిన సభ్యులెందరో లెక్కించి, సిద్ధమైన చీటీలెన్నో లెక్కించును. ఈ రెండు జతలలో ఏది కలియకున్నను అచ్చు ఆపి, "లెక్క కలియలేదు" అని తెరమీద చెప్పును. మిగులు కనబడినను ఆగును, తగ్గుదల కనబడినను ఆగును. ఇది నేను క్రొత్తగా కనిపెట్టినది కాదు. పైనుండి ఒకమారు, క్రిందినుండి ఒకమారు కూడు మా తండ్రిగారి చాదస్తమే.

ఇట్టి పొరపాటు పల్లెటూరి ముసలివాని కొక్కనికే కలిగినదని భావింపకుడు. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అను ప్రసిద్ధ ఆర్థికశాస్త్రజ్ఞులు దేశముల అప్పును గూర్చి యొక వ్యాసము ప్రకటించిరి. ప్రభుత్వముల ఖర్చులను గూర్చిన వాదములలో అది ఎన్నోచోట్ల ఉదాహరింపబడెను. 2013లో థామస్ హెర్న్‌డన్ అను విద్యార్థి వారి స్ప్రెడ్‌షీటు తెప్పించుకొని చూచెను. అందు బయటపడిన లోపములలో నొకటి యిది. 30వ వరుసనుండి 49వ వరుసవరకు తీయవలసిన సగటు 44వ వరుసతో ఆగిపోయినది. చివరి అయిదు వరుసలు, అనగా అయిదు దేశములు లెక్కకు రాలేదు. అది మాక్రో కాదు, సూత్రము. కాని నా యరువదినాల్గవ వరుసకు జరిగినదే ఆ దేశములకును జరిగెను.

2020లో ఇంగ్లండున కరోనా వ్యాధి లెక్కలలోను ఇట్టిదే సంభవించెను. అచ్చటి ప్రజారోగ్యశాఖవారు వాడిన పాత తరహా ఎక్సెలు ఫైలు 65,536 వరుసలకు మించి పట్టనిది. నిండిన పాత్రలో పోసిన పాలవలె మిగిలిన పద్దులు బయటపడిపోయెను. సెప్టెంబరు 25 మొదలు అక్టోబరు 2 వరకు 15,841 మంది రోగుల పద్దులు దినదినపు లెక్కలో చేరలేదు. వారితో మెలగినవారిని వెదకి హెచ్చరించు పనియు ఆ మేరకు ఆలస్యమయ్యెను. పెద్ద కార్యాలయములు, విద్యావంతులు, మంచి కంప్యూటర్లు అన్నియు నుండినను చివరి వరుసను చూచినవారు లేకపోయిరి.

ఇంకొక హెచ్చరిక. మాక్రో మన పనివాడే యైనను పరుల పనివాడు కూడ కావచ్చును. 1999లో మెలిస్సా అను మాక్రో ఉత్తరములతోపాటు చేరి, తెరచిన వారి కంప్యూటరునుండి వారి పరిచితులకు తనంత తానే వ్యాపించి పెద్ద అలజడి చేసెను. ఇట్టి ప్రమాదముల వలననే 2022లో మైక్రోసాఫ్టువారు ఇంటర్నెట్టు నుండి దిగిన ఫైళ్ళలోని మాక్రోలను ముందుగానే నిలిపివేయు ఏర్పాటు చేసిరి. ముక్కుమొగము తెలియనివారు పంపిన ఫైలు "మాక్రోలను అనుమతింపుడు" అని కోరినచో అనుమతింపకుడు. తెలియనివానికి పెట్టె తాళపుచెవి యిచ్చుటయు, ఇదియు ఒక్కటే.

పెద్దలారా! మీరందరును ఈ వయస్సున మాక్రోలు వ్రాయవలెనని నేను చెప్పుట లేదు. వ్రాయదలచినవారు నిస్సంకోచముగా మొదలుపెట్టవచ్చును. ఇందు కావలసినది ఇంగ్లీషు పాండిత్యము కాదు. వాడుకలో వచ్చు ఆజ్ఞల మాటలు కొన్నియే. పని నొక వరుసలో పెట్టి చెప్పగల ఓర్పు కావలెను. అది మీకున్నది. కాని వ్రాయకపోయినను మీకొక పని కలదు. దేవాలయపు లెక్కలకు, నీటి సంఘములకు, పాల సంఘములకు, పరపతి సంఘములకు మీరు పెద్దలు. ఆ లెక్కలు మీ మనుమలు, మీ ఊరి పడుచువారు యంత్రముమీద వేయుచున్నారు. వారిని మీరు నాలుగు ప్రశ్నలు అడుగవచ్చును. క్రొత్తగా చేరినవారి పేరు ఇందు వచ్చినదా? ఈ మొత్తమును వేరొక దారిని సరిచూచితిరా? నకలు దాచితిరా? లెక్క కలియనిచో ఈ యంత్రము ఆగునా, లేక సాగిపోవునా? ఈ నాలుగింటికి సమాధానము చెప్పగలవాడు మాక్రో వ్రాయుట నేర్చినవాడు. చెప్పలేనివాడు మీట నొక్కుట మాత్రమే నేర్చినవాడు. నేను ఒక సంవత్సరము ఆ రెండవవానిగనే యుంటిని.

"మిషను లెక్క గదా, తప్పెందుకు పోతుంది" అన్న ఆమె మాటయే నాకన్నిటికంటె పెద్ద పాఠము. ఆమె యంత్రమును నమ్మి రెండు పక్షములు నోరు మెదపలేదు. కాగితముమీద నా చేతివ్రాతయే యైనచో మూడు రూపాయలకైనను వచ్చి నిలదీసి యుండెడిది. యంత్రము వచ్చినంత మాత్రమున అడుగు హక్కు పోరాదు. అందుచే ఇప్పుడు మా చీటీమీద లీటర్లు, వెన్న శాతము, ధర మూడును విడివిడిగా అచ్చు పడునట్లు చేసితిని. చదువురానివారికి చదివి వినిపించుచున్నాము.

ఇప్పుడామె చివరి వరుసలో లేదు. ఆమె తరువాత నలుగురు చేరిరి. బట్వాడా నాడు సంఘము వాకిట పట్టీని పేరు పేరున చదువునప్పుడు మేము పెట్టుకొన్న నియమ మొకటి కలదు. మొదటి పేరునుండి కాక, చివరి పేరునుండి పైకి చదువుదుము. ఆ చివరివారి లెక్కను మాత్రము ప్రతి పక్షమును నేను కాగితముమీద, కలముతో, నా చేతితో వేసి చూచుకొందును. అది కలిసిన పిమ్మటనే సంచి విప్పుదుము.